గాజుల మొగిలమ్మ ముఖం

వీరభద్రం ఆ ఏడాది ఫిరోజాబాద్ నుంచి గాజుల పెట్టెలతో పాటు ఒక గాజు పెళ్ల కూడా తెచ్చుకున్నాడు. అక్కడి కొలిమి బయట బూడిదలో పడి ఉందది. కొబ్బరికాయంత ఉంటుంది. కరిగిన గాజు ఎప్పుడో ఒలికి, గడ్డకట్టి, ఎవరికీ పనికిరాక మిగిలిపోయింది. ఎండకు పట్టి చూస్తే వెలుగు దాని మీద పడి ఆగిపోలేదు. లోపలికి పోయి అక్కడే నిలిచింది. రాయిలోనూ ఇత్తడిలోనూ అతను అలాంటిది ఎన్నడూ చూడలేదు. వరంగల్ చేరేదాకా రైల్లో ఆ పెళ్లను ఒళ్లోనే పెట్టుకున్నాడు.

మట్టెవాడలో వాళ్లది తాతల నాటి గాజుల దుకాణం. దుకాణంలో వీరభద్రం కూర్చుంటాడు. అతని అక్క మొగిలమ్మ తాళ్లకు గుచ్చిన గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్లు తిరుగుతుంది. నర్సంపేట దాకా ఆమె ఎరగని ఆడమనిషి లేదు. ఎంత బిరుసు చెయ్యి అయినా మెత్తగా పిసికి, నొప్పి తెలియకుండా గాజు ఎక్కిస్తుందని పేరు. చిన్నప్పుడు ఆమెకు అమ్మవారు పోసింది. బతికింది గానీ ముఖమంతా గుంటలు మిగిలాయి. అప్పటికే ఖాయమైన సంబంధం వాళ్లు వచ్చి చూసి, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయారు. తర్వాత ఇంట్లో ఎవరూ ఆమె పెళ్లి ఊసు ఎత్తలేదు. తల్లి పోయాక తమ్ముణ్ని పెంచింది ఆమే. సుగుణను చూసి అతనికి పెళ్లి చేసిందీ ఆమే.

ఫిరోజాబాద్ నుంచి వచ్చినప్పటి నుంచి వీరభద్రానికి ఒకటే ధ్యాస. లోపల వెలుగు నిలిచే ఒక ముఖం చెయ్యాలి. దుకాణం వెనక గోనె సంచుల నిండా పగిలిన గాజులు ఉండనే ఉన్నాయి. వాటిని రోట్లో దంచి, అచ్చులో నింపి, కుమ్మరి ఆవంలో కాలిస్తే కరిగి ఒకటవుతాయనుకున్నాడు. ఎనుమాములలో కుమ్మరి కట్టయ్య అతనికి చిన్ననాటి ఎరుక. "కుండల నడుమ ఇంత జాగ ఇస్త. పలిగితే నన్నడుగొద్దు" అన్నాడు కట్టయ్య.

పగలడం అయితే బాగానే పగిలాయి. మట్టితో చేసిన అచ్చును గాజు పట్టుకుని వదల్లేదు. రంగురంగుల గాజులు కలిపి కాలిస్తే కార్జం రంగు ముద్ద ఒకటి వచ్చింది, చల్లారాక దానంతటదే పటపటమని చిట్లింది. ఒక్కో కొలిమి గాజు ఒక్కో తీరుగా ముడుచుకుంటుందని అప్పుడు తెలిసింది. ఇక అన్నీ ఒకే సరుకులోని ఆకుపచ్చ గాజులు ఏరాడు. వాటి మీది బంగారు పూత కాలి నల్ల మచ్చలై తేలింది. మళ్లీ కూర్చుని ముక్క ముక్కనూ గీకాడు. దవాఖానలో విరిగిన చేతులకు కట్టే తెల్ల పొడి సంపాదించి, అందులో మెత్తటి ఇటుక పొడి కలిపి, మైనం బొమ్మ చుట్టూ అచ్చు పోసి, మైనాన్ని కరిగించి తీసేశాడు. ఆ అచ్చు మంటకు నిలిచింది. కానీ ఆత్రం పట్టలేక ఆవం వేడిగా ఉండగానే తీస్తే, లోపలి ముద్ద గాలి తగిలీ తగలగానే రెండుగా విచ్చింది.

బజారులో నవ్వులాట మొదలైంది. "వీరభద్రం గాజులు అమ్ముడు బందువెట్టి దంచుడు షురూ చేసిండు" అని పక్క దుకాణం వాళ్లు అంటుంటే తల వంచుకుని పోయేవాడు. అంతకన్నా పెద్ద బాధ మరొకటి ఉంది. అచ్చు కుదిరినా ముఖం కుదరడం లేదు. క్యాలెండర్ బొమ్మలు చూసి మైనంతో లక్ష్మీదేవిని చేశాడు, ఆకాశం వైపు చూసే పడుచుపిల్లను చేశాడు. అన్నీ జాతరలో అమ్మే బొమ్మల్లా ఉన్నాయి. చెరిపి మళ్లీ ముద్ద చేసేవాడు. ఆ మైనం కూడా మొగిలమ్మ నర్సంపేట అంగడిలో తేనె పట్లు పిండేవాళ్లను అడిగి తెచ్చిందే.

ఒక సాయంత్రం దుకాణంలో ఆమె గాజులు సైజులవారీగా వేరు చేస్తూ కూర్చుంది. వాకిట్లోంచి ఎండ ఏటవాలుగా వచ్చి ఆమె చెంప మీద పడింది. వీరభద్రం చేతిలో మైనం ముద్ద ఉంది. ఆమె చూడనప్పుడు చూస్తూ, చూసినప్పుడు తల దించుకుంటూ చెయ్యడం మొదలుపెట్టాడు. నుదురు వచ్చింది, కింది పెదవి కాస్త ముందుకు ఉండే తీరు వచ్చింది. చాలా రోజుల తర్వాత చెయ్యి దానంతట అది నడిచింది. చివరికి వెదురుపుల్ల మొనతో చెంపల మీద గుంటలు కూడా నొక్కాడు.

సుగుణ చూసి, "వదినె తీరే ఉన్నది" అంది. దగ్గరికి వంగి, "గని ఆ గుంటలు గూడ పెట్టాల్నా? పదిమంది చూస్తరు" అంది.

అతనికీ లోపల అదే తొలుస్తోంది. బొటనవేలిని దీపం సెగకు పట్టి, వెచ్చబడ్డాక మైనం చెంపల మీద రుద్దాడు. గుంటలు పూడిపోయాయి. నుదురూ నున్నగా చేశాడు. ఇప్పుడది ఏ లోపమూ లేని నడివయసు ఆడమనిషి ముఖం.

మరునాడు పొద్దున మొగిలమ్మ పెరడు ఊడుస్తూ, పీట మీద పెట్టిన మైనం ముఖం దగ్గర ఆగింది. వీరభద్రం తలుపు వెనక నుంచి చూస్తున్నాడు. ఆమె వంగి చూసింది. ఆ పెదవి తనదేనని, ఆ నుదురు తనదేనని ఆమెకు తెలియకుండా ఉండదు. చెంపను వేలి వెనకవైపుతో ఒకసారి తాకింది.

"ఎవరిదిరా ఈ మొఖం?" అని గట్టిగానే అడిగింది, అతను అక్కడున్నట్టు ముందే తెలిసినట్టు.

"ఇంక తెల్వదక్కా. చేస్తాన."

"మంచిగున్నది" అని మళ్లీ చీపురు అందుకుంది. అతనికి తలుపు వెనక నుంచి బయటికి రావడానికి ముఖం చెల్లలేదు.

ఈసారి ఆవం ఆరిపోయాక కూడా కట్టయ్యా అతనూ దాని మీద బూడిద కప్పి వదిలేశారు. చెయ్యి పెడితే కుండలు చల్లగా తగిలేదాకా ముట్టుకోలేదు. అచ్చును చెక్కమేకుతో కొద్దికొద్దిగా రాలగొడుతుంటే ఆకుపచ్చ నుదురు బయటపడింది, తర్వాత ముక్కు, తర్వాత పెదవి. ఎక్కడా పగుల్లేదు. ఎత్తి ఎండకు పెడితే వెలుగు లోపలికి దూరి నిలిచింది. అతను కోరుకున్నది అదే.

కానీ చెంపల నిండా గుంటలున్నాయి. ముక్కలు పెద్దవిగా దంచడం వల్ల నడుమ చిక్కిన గాలి బుడగలై పైకి వచ్చి పేలింది. నుదుటి మీద, ముక్కు పక్కన, గడ్డం మీద కూడా.

కట్టయ్య మురిసిపోయాడు. "అచ్చం మొగిలమ్మనే. గుంటలు గూడ మంచిగ దించినవ్ వీరన్నా" అన్నాడు.

వీరభద్రం దాన్ని గుడ్డలో చుట్టాడు. ఇంటికి తెచ్చి రాయితో నూరి చూశాడు. ఒక గుంట అరిగితే దాని కింద మరో బుడగ తెరుచుకుంది. ఇక మానుకున్నాడు. అయినా దాన్ని చూడకుండా ఉండలేకపోయాడు. నున్నటి మైనం బొమ్మలో లేని ప్రాణం ఇందులో ఉంది. తాను చెరిపేసినదాన్ని మంట తిరిగి పెట్టింది. ఆ సంతోషాన్ని ఎవరితోనైనా చెప్పుకోవాలంటే చెరిపిన సంగతీ చెప్పాలి.

హనుమకొండ బడిలో డ్రాయింగు చెప్పే రాజేశ్వర్ రావు ఆ చలికాలం హస్తకళల ప్రదర్శన పనులు చూస్తున్నాడు. గాజు ముఖం సంగతి విని మట్టెవాడ వచ్చాడు. పెరట్లో పీట మీద పెట్టి గుడ్డ తీశాడు వీరభద్రం. పొద్దు వాలుతోంది. ఎండ వెనక నుంచి దూరి ముఖమంతా వెలిగింది. రాజేశ్వర్ రావు చుట్టూ తిరిగి చూశాడు, నేల మీద కూర్చుని చూశాడు.

"ఒక్కొక్క గుంటల ఒక్కొక్క దీపం పెట్టినట్టున్నది" అన్నాడు. "ఎవరు వీరభద్రం ఈమె?"

అప్పుడే మొగిలమ్మ చాయ్ పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చింది. ఆమె వైపు రాజేశ్వర్ రావు వీపు ఉంది. మా అక్క అని ఒక్క మాట అంటే ఈ పెద్దమనిషి వెనక్కి తిరుగుతాడు, ఆమె ముఖం చూస్తాడు, గాజును చూస్తాడు, మళ్లీ ఆమెను చూస్తాడు. ఆ చూపు తలుచుకుంటేనే వీరభద్రానికి ఒళ్లు ముడుచుకుపోయింది.

"ఎవరు గాదు సార్" అన్నాడు. "పోచమ్మ తల్లిని అనుకొని చేసిన."

"అట్లనా. అమ్మవారి మచ్చలు అమ్మవారికే పెట్టినవన్నట్టు. చాల పెద్ద ఆలోచన."

మొగిలమ్మ కొంగు ముందుకు లాక్కుని చాయ్ అందించింది. ఆయన గాజు మీది నుంచి కళ్లు తిప్పకుండానే అందుకున్నాడు. ఆ పూట అన్నం వడ్డిస్తూ ఆమె ఏమైనా అంటుందని వీరభద్రం కాచుకుని కూర్చున్నాడు. ఆమె రోజూలాగే పప్పు పోసి, అతను వద్దనకముందే మరో గరిటె వేసింది.

ప్రదర్శన డేరాలో ముఖం ముందు 'పోచమ్మ తల్లి' అని రాసిన అట్ట పెట్టారు. మొదట్లో జనం వింతగా చూసి పోయారు. తర్వాత ఎవరో నుదుటికి కుంకుమ పెట్టారు. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్లలో అమ్మవారు పోస్తోంది. వేపరెమ్మలు వచ్చాయి, పసుపు వచ్చింది, కొబ్బరికాయలు వచ్చాయి. ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకొచ్చి మొక్కిస్తున్నారు. ఒకామె వీరభద్రం కాళ్లకు కూడా దండం పెట్టబోయింది. అతను వెనక్కి జరిగితే అది అణకువ అనుకున్నారు.

మొగిలమ్మ రాదనుకున్నాడు. కానీ నర్సంపేట దిక్కు ఊళ్ల నుంచి ఆమె దగ్గర గాజులు వేయించుకునే ఆడవాళ్లు వచ్చి ఆమెను తోడు తీసుకొచ్చారు. వాళ్లలో చిలుకమ్మ అనే ముసలామె గాజు ముందు నిలబడి, పక్కనున్న మొగిలమ్మను చూసి, "ఏందే మొగిలీ, అమ్మ నీ తీర్గనే ఉన్నది" అంది.

వీరభద్రం రెండు మూరల దూరంలో ఉన్నాడు. అంతా విన్నాడు.

"నా అసొంటి మొఖాలు ఊరూరికి ఉన్నయి" అంది మొగిలమ్మ. "అమ్మతోని నాకు పోలికేంది?" ఆమె తమ్ముడి వైపు చూడలేదు.

చిలుకమ్మ గాజు చెంప మీది పసుపును చేత్తో తుడిచి కొంగున ముడి వేసుకుంది. "మా మనుమరాలికి పోసింది. ఒంటికి రాస్త" అంది.

మరునాడు మొగిలమ్మ మలారం ఎత్తలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. ఒంట్లో బాగాలేదేమోనని సుగుణ వచ్చి నుదురు ముట్టుకుని చూసింది.

"నాకేం గాలేదు" అని, తమ్ముణ్ని పిలిచింది. "నువ్వొక అబద్ధం ఆడినవ్. నేనొకటి ఆడిన. మన అబద్ధాన్ని ఆ పసిపిల్ల ఒంటికి రాస్తాండ్రు. పోయి చెప్పు."

"ఎవరికక్కా?"

"ఆ సారుకు చెప్పు. చిలుకమ్మకు చెప్పు. నేను గూడ వస్త, ఆమె ఇల్లు నీకు తెల్వది."

ముందు రాజేశ్వర్ రావును కలిసి, అటునుంచి బస్సెక్కుదామని ఇద్దరూ బయలుదేరారు. డేరాలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక పడుచు తల్లి పసిబిడ్డ నుదురును గాజు నుదుటికి ఆనిస్తోంది. అది చూసేసరికి వీరభద్రానికి నోరు ఆగలేదు.

"అమ్మా, ఆగుర్రి" అన్నాడు. "అది పోచమ్మ గాదు. మా అక్క మొఖం. నేను చేసిన."

ఆ తల్లి బిడ్డను గుండెకు హత్తుకుని వెనక్కి జరిగింది. ఒక ముసలామె అట్ట వైపు చెయ్యి చూపింది. "మరి గది? ఎందుకు అట్ల రాయించినవ్?"

రాజేశ్వర్ రావు కూడా అతన్నే చూస్తున్నాడు.

"సిగ్గయి" అన్నాడు వీరభద్రం. "మా అక్క మొఖమని చెప్పనీకి సిగ్గయి."

ఎవరో ఒకరు డేరా వాకిలి వైపు తిరిగారు. తర్వాత అందరూ తిరిగారు. అక్కడ మొగిలమ్మ నిలబడి ఉంది. జనం ఆమెను చూశారు, గాజును చూశారు, మళ్లీ ఆమెను చూశారు. ఏ చూపు పడలేక అతను అబద్ధమాడాడో ఆ చూపు ఇప్పుడు డేరా నిండా ఉంది. మొగిలమ్మ కొంగు లాక్కోలేదు. వాళ్లు చూసినంతసేపూ అలాగే నిలబడింది.

"మమ్ముల మనిషికి మొక్కిచ్చినవ్ గదరా" అని ముసలామె గాజు నుదుటి మీది కుంకుమను గోటితో గీకేసింది. ఇంకా చాలా మాటలు పడ్డాయి. రాజేశ్వర్ రావు అట్ట తీసి జేబులో పెట్టుకున్నాడు.

బయటికి వచ్చాక మొగిలమ్మ ముందు నడుస్తోంది. బస్సు ఆగే చోట వెనక్కి తిరిగింది.

"సారుకు చెప్పుమన్న. అందరి ముంగట నన్ను నిలవెట్టుమన్ననా?"

"తప్పు నాదని చెప్పిన గదక్కా."

"నీ తప్పు నువ్వు చెప్పుకున్నవ్. నీకు తేలికైంది. వాళ్లు చూసింది ఎవరిని?"

అతనికి తేలిక కాలేదు. కానీ ఆ మాట అనడానికి కూడా సిగ్గేసింది. బస్సులో ఆమె ఆడవాళ్ల నడుమ కూర్చుంది, అతను వెనక నిలబడ్డాడు.

చిలుకమ్మ ఇంట్లో పిల్ల వేపాకుల మీద పడుకుని ఉంది. వీరభద్రం గుమ్మంలోనే నిలబడి మళ్లీ అంతా చెప్పాడు. చిలుకమ్మ విని, "పసుపే గద రాసింది. పసుపు ఎక్కడిదైనా పసుపే" అంది. కోపం చేసుకోవడానికి ఆమెకు ఓపిక లేదు. మొగిలమ్మ లోపలికి పోయి పిల్ల పక్కన కూర్చుని వేపమండతో విసరడం మొదలుపెట్టింది. "నాకు మళ్ల రాదు. నేనుంట. నువ్వు పో" అంది తమ్ముడితో. పిల్ల లేచి తిరిగేదాకా ఆమె అక్కడే ఉండిపోయింది.

ప్రదర్శన అయ్యాక వీరభద్రం ముఖాన్ని గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. దంచిన గాజు, మైనం, తెల్ల పొడి అన్నీ అటక ఎక్కించాడు. బజారులో అతనికి కొత్త పేరు పెట్టారు. 'అక్కను అమ్మవారిని చేసినోడు' అని. సుగుణ ఒకనాడు, "ఆ గుంటలు చెరుపుమన్నది నేను. నన్ను ఒక్క మాట అనకపోతివి" అంది. "చెరిపిన చెయ్యి నాదే గద" అన్నాడు.

ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. వాన పడేనాడు మొగిలమ్మ ఊళ్లకు పోదు. దుకాణంలో కూర్చుని తాళ్లకు గాజులు గుచ్చుతూ, "కట్టయ్య దిక్కు పోతలేవేంది?" అని అడిగింది.

"చేతులు వస్తలేవక్కా."

"ఇంకొకటి చెయ్యి."

"ఎవరిది?"

"నాదే. మొదటిసారి దొంగచాటుగ చూసుకుంట చేసినవ్. ఈసారి అడిగి చెయ్యి."

వీరభద్రం ముందున్న గాజులను పక్కకు జరిపాడు. "చెయ్యనా అక్కా?" అన్నాడు.

"చెయ్యి."

వాన వెలిశాక ఆమె పెరట్లో పీట వేసుకుని వెలుతురుకు ఎదురుగా కూర్చుంది. పెంచిన అక్కే అయినా ఆమె ముఖాన్ని అంతసేపు సూటిగా అతను ఎన్నడూ చూడలేదు. చూపు దానంతటది పక్కకు జారేది. మళ్లీ తెచ్చుకునేవాడు. గుంటలన్నీ ఒకటి కావని అప్పుడు చూశాడు. కొన్ని ఇసుక మీద తొలి చినుకులు పడ్డట్టున్నాయి, కొన్ని లోతు. కణత పక్కన ఒకటి పొడుగ్గా ఉంది. పుల్ల మొనతో దాన్ని కూడా గుండ్రంగా నొక్కబోతే ఆమె ఆపింది.

"అది అమ్మవారు పెట్టింది గాదు. నువ్వు పాలుమరవని పోరడప్పుడు గోరుతోని గీరినవ్. జర పొడుగు తియ్యి."

పొడుగు తీశాడు. చెవులు మండాయి గానీ పెదవి మీదికి చిన్న నవ్వు కూడా వచ్చింది.

గాజు విషయంలో ఈసారి ఆలోచించాడు. మెత్తగా దంచితే బుడగలు రావు, కానీ పాలలా మసకబారి వెలుగు దూరదు. పెద్ద ముక్కలైతే వెలుగు దూరుతుంది, కానీ ఎక్కడ పడితే అక్కడ గుంటలు పడతాయి. అందుకని అచ్చు గోడల వెంట మెత్తటి పొడిని పల్చగా అద్ది, దాని వెనక పెద్ద ముక్కలు నింపాడు. పెట్టిన గుంటలే ఉండాలి, పెట్టనిది ఒక్కటీ రాకూడదు.

ఆవం తెరిచేనాడు మొగిలమ్మ కూడా ఎనుమాముల వచ్చింది. ఆవం పక్కన మలారం దించి కూర్చుంది. తెల్లటి అచ్చు రాలుతుంటే ముఖం కొంచెం కొంచెంగా వచ్చింది. చెవి కింద మెడ దాకా ఒక పగులు పారింది. ముఖం మాత్రం నిలిచింది. మొదటిదానంత తళతళ లేదు. తెల్లవారుజాము వెలుతురులా ఉంది.

మొగిలమ్మ దాన్ని ఒళ్లోకి తీసుకుని ఎండకు తిప్పింది. గుంటల మీద వేలు పోనిచ్చింది. వీరభద్రం ఆమె ముఖం చూడలేక మొదట నేల చూశాడు, తర్వాత ఎలాగో తలెత్తాడు.

"ముక్కు జర పెద్దగైంది" అంది.

"నీ ముక్కు అంతే ఉంటదక్కా."

ఆమె తన ముక్కు తడిమి చూసుకుని, "ఏమో మరి" అని గాజు ముఖాన్ని అతని చేతిలో పెట్టింది. నర్సంపేట బస్సుకు వేళవుతోందని మలారం భుజానికెత్తుకుని లేచింది. అతను చెవి మడతల్లో చిక్కిన తెల్ల పొడిని పుల్లతో తీస్తూ కూర్చున్నాడు.